ఎడమకు తిరిగిన డీఎన్‌ఏ

మా పేటలో విజ్ఞానశాస్త్రం నూటికి నూరుపాళ్ళు వ్యాపించిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. స్కూలు తల్లిదండ్రుల సంఘం కార్యదర్శి హోదాలో స్వయంగా వీధివీధీ తిరిగి, మెడలు చూసి మరీ చెబుతున్న మాట ఇది. డీఎన్‌ఏ లేని మెడ ఒక్కటంటే ఒక్కటి కనిపించలేదు.

దీనికంతటికీ మూలం మా సైన్సు టీచరమ్మ. స్కూల్లో ఆవిడకొక ల్యాబు ఉండేది. అందులో రెండు బల్లలు, ఒక మైక్రోస్కోపు, నీళ్ళు తప్ప అన్ని రకాల శబ్దాలూ వచ్చే ఒక కుళాయి. ఆ గది ఖాళీ చేయించి అతిథుల విశ్రాంతి మందిరంగా మార్చాలని స్కూలు ఛైర్మన్‌గారు నిర్ణయించారు. తల్లిదండ్రుల్లో ఎవరికీ సైన్సు మీద ఆసక్తి లేదనీ, ఆసక్తి లేనిదానికి గది దండగనీ ఆయన వాదన. టీచరమ్మ ప్రాణమంతా ఆ గదిలోనే ఉంది. "వార్షికోత్సవం దాకా ఆగండి సార్. ఈలోగా నేను ఆసక్తి పుట్టిస్తే ల్యాబు ఉంచుతారా?" అని అడిగింది. ఛైర్మన్‌గారు మాటిచ్చారు. మాటివ్వడంలో ఆయన ఏనాడూ వెనకాడిన మనిషి కాదు.

ఆవిడ చేతిలో ఒక విద్య ఉంది. చిన్న చిన్న స్టీలు రింగుల్ని రెండు ప్లయర్లతో పట్టుకుని, ఒక్కొక్కటే తెరిచి, పక్క రింగుల్లో దూర్చి, మళ్ళీ మూస్తూ గొలుసులు అల్లుతుంది. ఆ అల్లికతో మెలితిరిగిన నిచ్చెనలాంటి డీఎన్‌ఏ హారాలు, నీటి అణువు జూకాలు, కాఫీలోని కెఫీన్ అణువు లాకెట్లు తయారుచేయడం మొదలుపెట్టింది. ఇల్లు ఇల్లంతా రింగులమయమైంది. అన్నంలో ఏదైనా పంటికింద తగిలితే ఆవిడ భర్త ఉమ్మేసేముందు "ఇది ఆక్సిజనా, హైడ్రోజనా?" అని మర్యాదగా అడిగేవాడు. అత్తగారైతే ఇంకో జత ప్లయర్లు తెప్పించుకుని కోడలి పక్కనే కూర్చుంది. ప్రతి నగతోనూ ఒక చీటీ ఇచ్చేవారు. అందులో ఆ అణువు కథ నాలుగు ముక్కల్లో ఉండేది.

నగలు మాత్రం చేతులు మారాయి, చీటీలు ఎవరూ పట్టుకెళ్ళక టీచరమ్మ బల్లమీదే మిగిలిపోయాయి. ఛైర్మన్‌గారి సతీమణి డీఎన్‌ఏ హారం వేసుకుని ఒక విందుకి వెళ్ళొచ్చిన మర్నాటి నుంచి టీచరమ్మ గుమ్మం ముందు ఒకటే జనం. నీటి అణువు జూకాలు కొన్న ఒకావిడ, "రెండే హైడ్రోజన్‌లైతే మరీ బోసిగా ఉందమ్మా, ఇంకో నాలుగు వెయ్యి" అంది. అలా వేస్తే నీళ్ళు కావని టీచరమ్మ చెబితే, "నీళ్ళెవరిక్కావాలి, నిండుగా ఉంటే చాలు" అని తేల్చేసింది. కెఫీన్ లాకెట్ వేసుకున్న మా బ్యాంకు మేనేజరు తనకు నిద్ర పట్టడం లేదని ఫిర్యాదు చేశాడు. డీఎన్‌ఏ హారం వల్ల మోకాళ్ళ నొప్పులు తగ్గాయని పేటలోని మోకాళ్ళన్నీ ముక్తకంఠంతో ప్రకటించాయి.

అంతా సవ్యంగా సాగిపోతుండగా టీచరమ్మకొక అనుమానం వచ్చింది. హారాల్ని వరసగా పెట్టి చూసుకుంది. డీఎన్‌ఏ నిచ్చెన కుడివైపు మెలితిరగాలి. సగం హారాలు ఎడమకు తిరిగి ఉన్నాయి. అత్తగారిది ఎడమచేతి వాటం మరి! పాపం పెద్దావిడ లెంపలేసుకుంది. టీచరమ్మ ఆవిడను పల్లెత్తు మాట అనకుండా, ఎడమ మెలిక హారాలు వెనక్కి తెస్తే సరిచేసి ఇస్తానని స్కూలు గోడకు కాగితం అంటించింది.

దాంతో పేట అట్టుడికిపోయింది. మెడలో ఉన్నది తప్పంటే ఎవరు ఊరుకుంటారు? పైగా ఛైర్మన్‌గారి సతీమణి హారం కూడా ఎడమదే. అత్యవసర సమావేశం పెట్టాం. ఛైర్మన్‌గారు లేచి, "మన ఒంట్లో ఏది ఎటు తిరగాలో మనం నిర్ణయించుకోలేమా? ఇన్నేళ్ళ ప్రజాస్వామ్యం దేనికి?" అని గర్జించారు. చప్పట్లు మోగిపోయాయి. చేతులెత్తే పద్ధతిలో ఓటింగు జరిగింది. అంతకుముందే నేను మా అమ్మాయి పుస్తకం తీసి చూశాను. కుడి అనే ఉంది. అయినా కార్యదర్శిని కదా, ఎడమకే చెయ్యెత్తాను. భారీ మెజారిటీతో డీఎన్‌ఏ ఎడమకు తిరిగింది.

"చూడమ్మా, ఆసక్తి పుట్టించావు, కాదనను," అన్నారు ఛైర్మన్‌గారు తండ్రిలాంటి గొంతుతో. "ఎడమే సరైనదని పిల్లలకు ఒక్కమాట చెప్పు. ల్యాబు నీదే."

టీచరమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఆ ఒక్కమాట చెప్పాక, ఆ గదిలో నేనింక ఏం చెప్పను సార్?" అని వెళ్ళిపోయింది.

అయినా ఛైర్మన్‌గారు మాట తప్పలేదు. ల్యాబు బోర్డు అలాగే ఉంది. లోపల అద్దాల బీరువాల్లో ఎడమ మెలిక హారాలు తళతళలాడుతున్నాయి. వాటిని ఇప్పుడు యంత్రాలమీద చేయిస్తున్నారు. మైక్రోస్కోపు ఒక్కటే అడ్డంగా ఉంటే, వదిలించుకుందామని టీచరమ్మకిచ్చి పంపేశాం. ఆవిడ దాన్ని పసిబిడ్డలా ఎత్తుకుని వెళ్ళి వంటింటి కిటికీ పక్కన పెట్టుకుంది. సాయంత్రాలు కొందరు పిల్లలు పోగవుతున్నారు. అత్తగారు నీటిచుక్కలు వేస్తుంటే టీచరమ్మ చూపిస్తోందట. ఇంట్లో ఒకటే నవ్వులు, కేకలు. ఇది సంఘం దృష్టికి వచ్చింది.

నిన్న మా అమ్మాయి చెప్పులేసుకుంటూ కనిపించింది. ఎక్కడికని అడిగాను.

"టీచరమ్మగారింటికి నాన్నా. గుంటలో నీళ్ళు తెచ్చారట, అందులో ఏవో ఈదుతున్నాయట!"

"మెడలో అంత సైన్సు పెట్టుకుని ఇంకా చూసేదేముందే?" అన్నాను.

అది మెడలోంచి హారం తీసి నా చేతిలో పెట్టింది. "అయితే ఇది నువ్వేసుకో నాన్నా. నేను చూసొస్తా" అని తుర్రుమంది.

వేసుకున్నాను. ఇక ఏదీ తెలుసుకోనక్కర్లేదన్నప్పుడు ఒంటికి ఎంత హాయిగా ఉంటుందో మీకు నేను చెప్పాలా?