రెప్ప వేసిన అర్ధరూపాయి

మన దేశంలో ఏ వస్తువుకూ తనంతట తాను పాతబడే హక్కు లేదు. కాలం గడిచినంత మాత్రాన సరిపోదు. గడిచిందని సంబంధిత అధికారికి నమ్మకం కుదరాలి. ఈ మహత్తర సూత్రం నల్లపాడులో ఉండే ఖాజావలికి రిటైరయ్యేదాకా తెలియదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసినవాడు కాబట్టి, లోకంలో అంకెలన్నీ ముందుకే తిరుగుతాయన్న భరోసాతో బతికాడు.

రిటైరయ్యాక ఇంట్లో కూర్చుని ఫ్రిజ్ తలుపు ఎవరు ఎందుకు తీస్తున్నారో విచారించడం మొదలుపెట్టాడు. భార్య రహమతున్నీసా కొన్నాళ్లు ఓర్చుకుంది. తర్వాత అటక మీంచి పాత బిస్కెట్ల డబ్బా ఒకటి దించి ఆయన ఒళ్లో పడేసింది.

"ఏమండీ, చిన్నప్పుడు మీకు పాత నాణేల పిచ్చి ఉండేదంటగా. ఆ పిచ్చే మళ్లీ తెచ్చుకోండి. ఈ పిచ్చితో నేను వేగలేను."

డబ్బా మూత తీయగానే ఖాజావలికి తుమ్మొచ్చింది. ఆయన తండ్రి గుంటూరు మిర్చి యార్డులో హమాలీ. సాయంత్రం నేల ఊడ్చినప్పుడు గింజల మధ్య దొరికిన చిల్లరలో చెల్లనివన్నీ కొడుక్కి తెచ్చిచ్చేవాడు. చిల్లు కానీలు, అంచులు వంకీలు తిరిగిన అణాలు, ఎవరి జేబులోంచి జారాయో తెలియని నైజాం పైసలు. ఇన్నేళ్లయినా వాటి ఘాటు పోలేదు. ఖాజావలి తుమ్ముతూనే ఒక్కొక్కటీ తీసి, లుంగీ అంచుతో తుడిచి, కిటికీ వెలుగులో తిప్పి తిప్పి చూశాడు. అన్నం చల్లారిపోతున్నా లేవలేదు. ఆ పూట ఫ్రిజ్ తలుపు స్వేచ్ఛగా తెరుచుకుంది.

డబ్బా అడుగున, ఆకుపచ్చ గుడ్డపీలికలో చుట్టిన వెండి అర్ధరూపాయి కనిపించింది. దాని మీద కిరీటం పెట్టుకుని పక్కకు తిరిగి ఉన్న తెల్లదొరల రాజుగారి తల. ఉద్యోగం ఇంటర్వ్యూకి ఖాజావలి ఒంగోలు బయల్దేరిన రోజు వాళ్లమ్మ దాన్ని ఆ గుడ్డలో చుట్టి కుడి జబ్బకు కట్టింది. ఇమాం జామిన్ అంటారు దాన్ని. వెళ్లినవాడు క్షేమంగా తిరిగి రావాలని కడతారు, వచ్చాక పేదలకు ఇచ్చేస్తారు. కొడుకు ఉద్యోగంతో తిరిగొచ్చేసరికి ఆమె పేదలకు బియ్యం పంచిపెట్టి, "ఇది మాత్రం నీ దగ్గరుండనీరా నాయనా" అంది. ఆమెకు ఒక్క ఫొటో కూడా లేదు. కెమెరా కనిపిస్తే ముఖానికి కొంగు అడ్డం పెట్టుకునే మనిషి. అందువల్ల అమ్మ ముఖం గుర్తు తెచ్చుకోవాలంటే ఖాజావలి ఈ రాజుగారి ముఖం చూడాలి. చూశాడు. చూసి ఏడ్చాడు. (మిర్చి ఘాటు అని భార్యతో చెప్పాడు.)

సరిగ్గా ఇలాంటి సంతోషాలకు ఒక పద్ధతి ఉండాలనే పురాతన చిల్లర క్రమబద్ధీకరణ విభాగం ఏర్పడింది. (పురాతనం కాని చిల్లరకు ఇంతవరకు ఏ విభాగమూ లేదు, అందుకే అది ఏ బస్సులోనూ దొరకదు.) పౌరుల దగ్గరున్న పాత నాణేలన్నీ 'నాణెం నేస్తం' అనే యాప్‌లో నమోదు కావాలి. కానివాటిని ప్రతి నెలాఖరునా వీధిలోకొచ్చే సేకరణ వాహనానికి అప్పజెప్పాలి. బొమ్మ లేని నాణేలకు ఫొటో చాలు. మనిషి తల ఉన్న నాణేలకు మాత్రం ఆ తల తాలూకు ముఖ ధ్రువీకరణ తప్పనిసరి. ఒకరి తలను ఇంకొకరు వాడుకోకుండా ఈ జాగ్రత్త అని ఉత్తర్వులో సవినయంగా తెలియజేశారు.

ఖాజావలితో పాటు పనిచేసిన ఇమ్మానియేలు పెదకాకానిలో ఉంటాడు. ఈ తలనొప్పి తనకెందుకని ఉన్న నాణేలన్నీ వాహనానికిచ్చి రశీదు పుచ్చుకున్నాడు. "ఒరేయ్ ఖాజా, రశీదు భలే ఉందిరా, రంగుల్లో ఇచ్చారు" అని ఫోన్ చేశాడు. ఇప్పుడాయన రశీదులు సేకరిస్తున్నాడు.

ఖాజావలి ఇవ్వదలచుకోలేదు. వార్డు సచివాలయంలో పనిచేసే రెబెకా ట్యాబ్ పట్టుకుని ఇంటికొచ్చింది. కానీలు, అణాలు చకచకా నమోదయ్యాయి. అర్ధరూపాయి దగ్గర బండి ఆగింది.

"ఓటీపీ రాజుగారి నంబరుకి పోద్ది బాబాయ్. చెప్పండి."

"ఆయనకి ఫోన్ లేదమ్మా."

"పర్లేదండి, ఇంట్లోవాళ్లది ఎవరిదైనా చెప్పండి."

ఖాజావలి తన నంబరు చెప్పాడు. అప్పటికి అందులో తప్పేమీ కనపడలేదు.

ఇంట్లో వెలుతురు చాలక అందరూ డాబా మీదికెక్కారు. అక్కడ రహమతున్నీసా ఏడాది కారానికని మిరపకాయలు ఎండబోసింది. రెబెకా నాణేనికి ట్యాబ్ గురిపెట్టింది. తల మీద ఉన్నది తీసేయమంది యాప్. రెబెకా కిరీటాన్ని వైద్య కారణాల కింద మినహాయించింది. సూటిగా కెమెరా వైపు చూడమంది యాప్. రాజుగారు చూడలేదు. (ఆయన పాలించిన రోజుల్లోనూ ఇటు చూసిన దాఖలాల్లేవు.) రెబెకా నాణేన్ని ఏటవాలుగా పెట్టించి ఆ గండమూ దాటించింది. ఆఖరున, ప్రాణంతో ఉన్నట్లు రుజువుగా ఒకసారి రెప్ప వేయమంది.

"ఇక్కడే అందరివీ ఆగిపోతన్నాయి బాబాయ్," అంది రెబెకా దిగులుగా. "ఒక్కళ్లూ వెయ్యట్లా."

ఆ సమయానికి రహమతున్నీసా మిరపకాయలు తిరగేసింది. ఘాటు గుప్పుమంది. ఖాజావలి డాబా అదిరేలా తుమ్మాడు. చేతిలో నాణెం ఊగింది, రాజుగారి కంటి మీద ఎండ తళుక్కుమని ఆరింది. ట్యాబ్ గంట మోగించింది. "ధన్యవాదాలు. మీరు జీవించి ఉన్నారు."

అమ్మ నాణెం దక్కిందని ఖాజావలి రెబెకాకి సేమ్యా పాయసం పెట్టించాడు.

మరుసటి నెల పింఛను రాలేదు. బీపీ బిళ్లల కోసం ఆరోగ్య కార్డు తీసుకుని ఆసుపత్రికి వెళ్తే, తెర మీద ఆయన ముఖం ఉండాల్సిన చోట రాజుగారి తల వచ్చింది. కంప్యూటరు ఆ కిరీటాన్ని తలకు తగిలిన దెబ్బగా గుర్తించి స్కానింగ్ రాసింది. "పింఛను లేకపోతే ఇల్లెట్టా గడుస్తదండీ?" అని రహమతున్నీసా పోరు పెట్టింది. ఖాజావలి గుంటూరులోని విభాగం కార్యాలయానికి వెళ్లాడు. అక్కడ ముఖ సమన్వయాధికారి గౌస్ బాషా మర్యాదగా కుర్చీ చూపించాడు.

"ఎవరండీ మీరు?"

"ఖాజావలినండి."

గౌస్ బాషా తెర వైపు చూసి, ఆయన వైపు చూసి, తల అడ్డంగా ఊపాడు. "ఖాజావలి గారు ఇట్టా ఉండరండీ."

"అయ్యా, నేను బతికే ఉన్నాను!"

"ఉన్నారండీ. రికార్డులో స్పష్టంగా ఉంది. మీరు బతికిలేరని ఈ ఆఫీసులో ఎవరూ అన్లేదు. మీరు మీరు కాదంటున్నాం, అంతే." ఒక నంబరుకి ఒకటే ముఖమనీ, కొత్త ముఖం వస్తే పాతది రద్దవుతుందనీ ఓపికగా వివరించాడు. "ఆ నాణెం వాహనానికి అప్పజెప్పండి. ఆ ముఖం తీసేస్తాం. తర్వాత మీ ముఖానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు."

"పెడితే వస్తదా అండీ?"

"అది మీ ముఖాన్ని బట్టి ఉంటుందండీ."

ఖాజావలి జేబులో చెయ్యి పెట్టి ఆకుపచ్చ గుడ్డను తడుముకున్నాడు. ముఖం లేకుండా పోయిన మనుషుల గురించి ఆయనకు బాగా తెలుసు, కన్నతల్లే ఉదాహరణ. ఉన్న ఈ కాస్త ఆనవాలూ వ్యాన్లో వేసి, దాని బదులు అద్దంలో రోజూ కనపడే తన ముఖాన్ని తెచ్చుకోవాలా? మనసొప్పలేదు.

"ఇవ్వకపోతే ఏమవుద్దండీ?" అన్నాడు చివరికి.

"ఏమీ కాదండీ." గౌస్ బాషా ఆశ్చర్యపోయాడు. "నెలనెలా ఖాజావలి గారిని సచివాలయానికి తీసుకొచ్చి చూపించండి. రెప్ప వేస్తే చాలు, పింఛను పడుద్ది. వెంట మీరు రావడానికి అభ్యంతరం లేదు."

అలా కుదిరింది. నెల మొదట్లో ఆయన బయల్దేరేముందు రహమతున్నీసా అర్ధరూపాయిని అదే ఆకుపచ్చ గుడ్డలో, రాజుగారి తల మాత్రం బయటికి కనపడేలా పెట్టి, ఆయన కుడి జబ్బకు కట్టింది. సమయానికి తుమ్ము రావడానికి చిటికెడు కారం పొట్లం కట్టి జేబులో వేసింది. "జాగ్రత్తగా వెళ్లి రండి" అంది. ఎవరితో అందో ఖాజావలి అడగలేదు. అమ్మ కట్టినచోటే ముడి బిగుసుకుంటే ఆయనకు నిజంగా ధైర్యంగానే అనిపించింది.

సచివాలయం ముందు ఎండలో రెబెకా ట్యాబ్ తెచ్చి ఆయన జబ్బకు గురిపెట్టింది. ఖాజావలి కారం పొట్లం విప్పి, జరిగేది చూద్దామని మెడ వంచాడు.

"బాబాయ్, తల కొంచెం అవతలికి తీయండి," అంది రెబెకా, తెర మీంచి చూపు తిప్పకుండానే. "మీ నీడ పడి మీరు కనపడట్లేదు."