సరుగుడు కాసిన పూతరేకులు

ఆ క్రిస్మసు పొద్దున యెహెజ్కేలు పంతులు అనుకున్న పని చాలా చిన్నది. కూతురు లేవకముందే పెరట్లోని సరుగుడు మొక్కకు పన్నెండు పూతరేకులు దారంతో కట్టాలి. ఆ తరవాత ఏమీ ఎరగనట్టు వచ్చి పడుకోవాలి. అంతే.

ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన నలభై ఏళ్ళకు జరిగిన సంగతి ఇది. ఆయన చింతలంకలో మిషను బడి పంతులు. ఒక ఏడు రాజమండ్రిలో దొరగారి బంగళాలో చెట్టుకు బొమ్మలూ మిఠాయిలూ వేలాడదీశారు. తలుపు తీయగానే పిల్లలంతా నోరు తెరుచుకుని ఉండిపోవడం ఆయన చూశాడు. తన ఆరేళ్ళ పాపాయి కూడా ఒక్కసారి అలా నోరు తెరవాలని ఆయన కోరిక. మామూలుగా ఆ నోరు ప్రశ్నలు అడగడానికే తెరుచుకుంటుంది.

తెల్లవారింది. "నాన్నా! చెట్టు కాసింది!" అని కేక వినబడింది.

"యేసుబాబు పుట్టినరోజు కదమ్మా! ఈ ఒక్కరోజూ కాస్తుంది" అన్నాడు పంతులు, కళ్ళు నులుముకుంటూ.

పాపాయి నిజంగానే నోరు తెరిచి నిలబడింది. ఆ సంతోషం ఆయనకు అట్టే సేపు నిలవలేదు.

"పువ్వెప్పుడు పూసింది?"

"రాత్రి."

"నిన్న పొద్దుగూకేదాకా ఇక్కడే ఆడుకున్నాగా, మొగ్గలే లేవు! విత్తనం ఎక్కడుంటుంది? తింటుంటే పంటికి తగులుతుందా?"

"చెప్పండి, చెప్పండి. బళ్ళో అందరికీ చెబుతారుగా!" అంది భార్య సంపూర్ణమ్మ వంటింటి గుమ్మంలోంచి.

ఇంతలో చేపల వీరవేణి వచ్చి తట్ట దించింది. చెట్టు చూసి, "ఇదేంటండీ పంతులు గారూ!" అని బుగ్గన వేలేసుకుంది. పిల్ల పక్కనే వింటోంది. పంతులు వీరవేణికి కన్ను గీటాడు. పుట్టి బుద్ధెరిగి ఎన్నడూ కన్ను గీటిన మనిషి కాకపోవడంతో రెండు కళ్ళూ మూతపడ్డాయి. వీరవేణి ఆయన్నీ చెట్టునూ మార్చి మార్చి చూసింది.

"ఓహో! బయటికి చెప్పకూడదాండీ? అలాగేనండి" అని తట్ట ఎత్తుకుంది.

వీరవేణి గొంతు తగ్గించి చెప్పే మాట ఆ ఊళ్ళో చేపలకంటే ముందు అమ్ముడుపోతుంది. పంతులు ప్రార్థన ముగించుకుని వచ్చేసరికి ఆయన పెరటి దడి దగ్గర పదిళ్ళ జనం, వాళ్ళ చంకల్లోనూ వెనకాలా పిల్లలు.

"పొద్దుట్నించీ మావాడు ప్రాణం తోడేస్తున్నాడండీ. ఒక్క కొమ్మ ఇప్పించండి, మా దొడ్లో పాతుకుంటాం" అన్నాడు పడవ నడిపే చిట్టియ్య.

పాపాయి తండ్రి వేలు పట్టుకునే ఉంది. "ఇది... అన్ని నేలల్లోనూ కాయదు చిట్టియ్యా" అన్నాడు పంతులు.

"గోదారి ఒండ్రు నేలండీ ఇది! ఇక్కడ కాయందేంటండీ?"

జనం పక్కకు తప్పుకున్నారు. మునసబు పల్లంరాజు గారు మనవణ్ణి నడిపించుకుంటూ వస్తున్నారు. బడికి స్థలం ఇచ్చింది ఆయనే. ఆయన వద్దంటే మర్నాటినుంచి బడి లేదు. పంతులు చటుక్కున ఆయన్ని ఇంటి పక్కకి తీసుకుపోయి, "అయ్యా, అవి నేను కట్టినవండీ" అన్నాడు రహస్యంగా.

పాపాయి అక్కడికీ పరుగెత్తుకొచ్చింది. "ఏం కట్టావు నాన్నా?"

మునసబు గారు పిల్లను ఓసారి చూసి, "ఆయ్! అంటు కట్టారా!" అన్నారు పెద్దగా. "విన్నారుటర్రా? పంతులు గారే అంటు కట్టారట!"

"పాతితే ఎన్నాళ్ళకి కాస్తుందండీ?" అని అటునుంచి చిట్టియ్య.

పంతులు నోరు పెగల్చుకునేలోగా, "రేప్పొద్దున్నే!" అంది పాపాయి. రాత్రి పూస్తే పొద్దున కాయడమే కదా అని ఆ పిల్ల లెక్క.

ఆ తరవాత ఎవరూ ఆగలేదు. కత్తులొచ్చాయి. మధ్యాహ్నానికి చెట్టు స్థానంలో నిలువు కర్ర ఒకటి మిగిలింది.

పంతులుకు అన్నం సయించలేదు. "రేప్పొద్దున ఊరంతా మన పిల్లని అబద్ధాలకోరు అంటే ఏం చేస్తారు? వెళ్ళి చెప్పేసి రండి" అంది సంపూర్ణమ్మ. పొద్దు వాలుతుండగా ఆయన మునసబు గారి అరుగు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బడి పోతే పోయిందనుకున్నాడు. పిల్ల మాట పోకూడదు.

"అయ్యా, సరుగుడుకి పూతరేకులు కాయవండీ. నా కూతురి కోసం నేనే దారంతో..."

"మెల్లిగా అండీ!" మునసబు గారు కంగారుగా లేచి లోపలికి తొంగిచూశారు. పెరట్లో మనవడు నీళ్ళ చెంబు పట్టుకుని కొమ్మ పక్కన కాపలా కూర్చున్నాడు. "పుట్టి బుద్ధెరిగి సేద్యం చేస్తున్నవాణ్ణి. ముడితో సహా దారం కనబడుతుంటే, చెట్టు కాసిందని నమ్ముతానాండీ?"

"మరి అంటు కట్టానని...?"

"పిల్ల పక్కనుండి అడుగుతోంది. ఇంకేమనమంటారు?"

పంతులు తెల్లబోయాడు. "వీరవేణీ నమ్మలేదాండీ?"

"మీరు కన్ను గీటిన తీరు ఇంటింటికీ చేసి చూపించిందండీ. రెండు కళ్ళూ మూసి! మా పిల్లలకీ అలాగే కాయాలని కొమ్మలకొచ్చాం. చిట్టియ్య పడవ మీద పూతరేకులకి ఆత్రేయపురం వెళ్ళాడు, వచ్చే వేళైంది. ఊరికే నిలబడక ఇలా కూర్చుని, రేకు చిరక్కుండా ముడి ఎలా వెయ్యాలో చెప్పండి."

పంతులు కూర్చున్నాడు. ఆ సాయంత్రం ఆయన చెప్పినంత శ్రద్ధగా బళ్ళో ఎన్నడూ పాఠం చెప్పలేదు.

మర్నాడు పాపాయి ఇల్లిల్లూ తిరిగి వచ్చింది. మునసబు గారి కొమ్మకు పూతరేకులు కాశాయి. చిట్టియ్య కొమ్మకు అరిసెలు కాశాయి. వీరవేణి దొడ్లోని కొమ్మ బెల్లం ఉండల బరువుకు నేలకు వంగిపోయింది. ఒకే జాతి కొమ్మలకు మూడు రకాల కాపు ఎందుకొచ్చిందని పాపాయి తండ్రిని అడిగింది. "నేల తేడా అమ్మా" అన్నాడు పంతులు.

ఆ ఊళ్ళో ఆనాడు కాయనిది పంతులు గారి చెట్టు ఒక్కటే, దానికి కొమ్మల్లేవు.