ప్రిన్సిపాల్‌గారి స్టెప్ ఫంక్షన్

స్టెప్ ఫంక్షన్ కనిపెట్టిన మహానుభావుడికి ప్రతి ఆఫీసు ముందూ ఒక విగ్రహం పెట్టాలి! నవ్వకండి. పాలన అనే విద్య మొత్తం ఆ ఒక్క గీతలో ఉంది. నమ్మకం కుదరకపోతే సిగ్నల్స్ మేడమ్ సంగతి వినండి.

ఆవిడ ఇంజనీరింగ్ కాలేజీలో సిగ్నల్స్ పాఠం చెబుతుంది. ఒకరోజు కొత్త ప్రిన్సిపాల్‌గారు తనిఖీకని వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. మేడమ్ బోర్డు మీద నేలబారుగా ఒక గీత గీసి, ఒకచోట నిటారుగా పైకి లేపి, మళ్లీ అడ్డంగా లాగింది.

"ఈ క్షణం దాకా సున్నా. ఇక్కణ్ణుంచి ఒకటి. మధ్యలో ఏమీ లేదు. స్విచ్ వేసినట్టన్నమాట."

ప్రిన్సిపాల్‌గారి మొహం వెలిగిపోయింది. మిగతా పాఠం వినే ఓపిక ఎక్కడిది? అప్పటికప్పుడే లేచి వెళ్లిపోయారు.

సోమవారం నుంచి కాలేజీ తొమ్మిదింటికి కాదు, ఏడింటికి! మొదటి బస్సే ఏడున్నరకి కదా అంటారా? అది బస్సు లోపం. స్టాఫ్ రూములో కబుర్లు ఎక్కువయ్యాయని కుర్చీలు మాయం! కాళ్లు లాగుతుంటే ఎంతసేపని కబుర్లాడతారు చెప్పండి? మేడమ్ తడిజుట్టుతో పరిగెడుతుంటే వాళ్లాయన టిఫిన్ డబ్బా పట్టుకుని వెంటపడ్డాడు. "ఒక ముక్క ముందు చెప్పొచ్చుగా వాళ్లు?" అన్నాడు. ముందే చెబితే అది స్టెప్ ఎలా అవుతుంది? పాపం, ఆయనకి లెక్కలు రావు!

ఇక ప్రిన్సిపాల్‌గారి కోపం, మేడమ్ పాఠంలోనే వచ్చే ఇంకో గీత, ఇంపల్స్. ఎత్తు అనంతం, వ్యవధి శూన్యం. అలా వచ్చి ఇలా పోతుంది. అటెండర్ మాత్రం సాయంత్రం దాకా ఆ గది ఛాయలకి రాడు.

ఇంత చక్కని పాలనకి ఒకే ఒక్క అడ్డు, చివరి బెంచీ పిల్ల. మొదటి టెస్టులో తెల్లకాగితం ఇచ్చింది. తర్వాతి దాంట్లో ఒకే లెక్క చేసింది. మేడమ్ రోజూ క్లాసయ్యాక పక్కన కూర్చోబెట్టుకుని చెప్పగా చెప్పగా, పాసు మార్కుకి కాస్త దూరం దాకా పాక్కుంటూ వచ్చింది. మేడమ్ మురిసిపోయింది. ప్రిన్సిపాల్‌గారు ఆ పిల్ల పేరు కొట్టేశారు. ఆఖరి పరీక్షకి అనుమతి లేదు!

మేడమ్ ఆయన గదికి వెళ్లింది.

"ఆ అమ్మాయి పుంజుకుంటోంది సార్. పరీక్ష రాయనివ్వండి."

"పాసా, ఫెయిలా? మధ్యలో ఏమీ లేదని మీరేగా చెప్పారు!"

"అది మనం వేసే స్విచ్ సంగతి సార్. మీ ఏసీ వేయగానే గది చల్లబడిపోతుందా? టైము పడుతుంది కదా? మనుషులూ అంతే. మీరు లేచి వెళ్లిపోయాక నేను చెప్పిన పాఠం అదే."

ఆయన ఏసీ వైపు చూశారు. బాగా ఆలోచించారు. "సరే, అర్జీ పెట్టండి, పరిశీలిద్దాం. ఇలాంటివి తొందరపడి తేల్చేవి కావు మేడమ్. మెల్లమెల్లగా..."

పరీక్ష మర్నాడే!

పొద్దున ఆ పిల్ల గేటు బయటే నిలబడిపోయింది, కళ్లు తుడుచుకుంటూ. మేడమ్ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, హాల్ టికెట్ మీద ప్రిన్సిపాల్‌గారు పెట్టాల్సిన చోట తనే సంతకం పెట్టి, కూర్చోబెట్టింది. పిల్ల పాసైంది. బొటాబొటీగానే అనుకోండి.

అర్జీ ఇప్పటికీ పరిశీలనలోనే ఉంది. పెద్ద నిర్ణయాలు మరి, తొందరేం? ఆ సంతకానికి సంజాయిషీ ఇమ్మన్న మెమో మాత్రం, పిల్ల పరీక్ష రాసి బయటికి రాకముందే మేడమ్ చేతికి అందింది.