పెద్ద ఫిడేలుకు సరిపడిన గుంత

ఆ రోజు బైలప్ప పెట్టుకున్న పని ఒక్కటే. భుజం నొప్పి లేకుండా పొద్దున్నే ఒక్క పాటైనా వాయించి చూసుకోవాలి. సాయంత్రం వల్లూరులో పెళ్లి ఉంది. బెంగళూరులో ఏదో క్లబ్బు మూసేస్తుంటే, బ్యాండు మాస్టరు చిన్నరంగప్ప డబుల్ బేస్ అనే నిలువెత్తు ఫిడేలును తమ ఊరు మంగళవాడకు తెచ్చి, అంతదాకా తాళాలు కొడుతున్న బైలప్ప చేతికిచ్చాడు. వానలు లేక శనక్కాయ పైరు మాడిపోయిన ఆ ఏడాది, బైలప్పకు సంతోషమంటూ మిగిలింది ఆ ఫిడేలొక్కటే. "ఈ పెండ్లిలో కుదరకపోతే మళ్లీ తాళాలే నీకు," అని మాస్టరు తేల్చి చెప్పాడు.

కుదరడానికి బైలప్ప పొట్టివాడాయె. ఫిడేలు అడుగున ఉన్న ఇనుప కాలేమో తుప్పుపట్టి బిగుసుకుపోయింది, లోపలికి పోదు. పైన తీగ నొక్కాలంటే దండెం మీది పంచె అందుకున్నట్టు చెయ్యెత్తాలి. కాసేపటికే భుజం పీకేస్తుంది. రోలు ఎక్కి నిలబడ్డాడు. ఎడమ చేతికి సుఖంగానే ఉంది గానీ, కమాను పట్టిన కుడి చేతికి తీగలందక నడుం వంగిపోయింది. శనక్కాయ పొట్టు మూట మీద కూర్చున్నాడు. మూట కుంగింది, దాంతోపాటు ఆయనా కుంగాడు.

"పొట్టివానికి పుట్టెడు బుద్దులంటారే, నీకు ఒక్కటన్నా రాలేదా?" అంది పెళ్లాం హొన్నమ్మ, పొయ్యి దగ్గర నుంచే. "నువ్వు ఎక్కేది మాని దాన్ని దించరాదా?"

బైలప్ప గడపార తీసుకుని వాకిట్లో చిన్న గుంత తవ్వాడు. ఫిడేలు కాలు అందులో దించితే, పైకొస సరిగ్గా కనుబొమల దగ్గరికొచ్చింది. దాన్ని తుంటికి ఆనించుకుని, దాని మెడకు చెవి ఆనించి, కళ్లు మూసుకుని లావు తీగ మీద కమాను లాగాడు. గుర్రుమనే ఆ మోత కడుపులోకి దిగింది. భుజం నొప్పి లేదు, నడుం నొప్పి లేదు. సాయంత్రం పందిరి పక్కన ఇలాంటి గుంతే ఇంకొకటి తవ్వుకుంటే చాలనుకున్నాడు. చాలా రోజులకు ఆయనకు బతుకు మీద ఆశ పుట్టింది.

గోడ అవతలి నుంచి మారక్క చూసింది. కొత్తగా తవ్విన గుంత, అందులో దిగేసిన కొయ్య, దానికి చెవి ఆనించి కళ్లు మూసుకున్న మనిషి. నీళ్ల కోసం అరచేతిలో టెంకాయ పెట్టుకుని తిరిగేవాళ్లనూ, వేపపుల్ల పట్టుకుని తిరిగేవాళ్లనూ ఊరు అప్పటికే చూసింది. ఇదీ అలాంటిదే అనుకుని, బైలప్ప బోరు పాయింటు చూస్తున్నాడని ఆమె ఊరంతా చెప్పొచ్చింది.

ఊరి పెద్ద పెద్దతిమ్మప్ప జనాన్ని వెంటేసుకొచ్చి గుంతకు పసుపూ కుంకుమా పెట్టించాడు.

"నీళ్లకు కాదప్పా ఇది, వాయించేదానికి," అన్నాడు బైలప్ప.

"పాయింటు చూసినోడు ముందే బయటపెట్టడులే," అన్నాడు పెద్దతిమ్మప్ప.

కాదన్న కొద్దీ జనానికి నమ్మకం పెరిగింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నట్టు, ఊరి తాగునీళ్ల కోసం వచ్చి, దుమ్ము తప్ప ఏమీ దొరక్క వెళ్లిపోతున్న బోరు లారీ ఇంకా పొలిమేర దాటలేదు. దాన్ని వెనక్కి తిప్పుకొచ్చారు.

"నీ కాళ్లు పట్టుకుంటానప్పా. ఇన్ని దినాలకు నాకు కుదిరింది ఈడొక్క చోటే," అన్నాడు బైలప్ప.

"అందుకే గదా ఈడికి తెచ్చింది," అన్నాడు పెద్దతిమ్మప్ప.

ఎవరో ఫిడేలును పీకి గోడకు చేరేశారు. మధ్యాహ్నమంతా దుమ్ము లేచింది. పొద్దు వాలుతుండగా బురద, ఆ తర్వాత నీళ్లు ఎగజిమ్మి, అంతా పోయి గోడకున్న ఫిడేలు మీదే పడింది. బంక వదిలి దాని వీపు ఊడిపోయింది, మెడ వాలిపోయింది. ఆడవాళ్లు బిందెలతో పరుగెత్తారు. బైలప్ప మెడలో పూలమాల పడింది. ఆయన వెక్కి వెక్కి ఏడ్చాడు.

"సంతోషం తట్టుకోలేకుండా ఉండాడు పాపం," అంది మారక్క.

లోకంలో తన భుజానికి నొప్పి తెలియని చోటు ఒక్కటే ఉండేది, ఇప్పుడక్కడ ఇనుప గొట్టం దిగింది. బైలప్పకు చచ్చిపోదామనిపించింది. పోనీ ఆ నీళ్లను తిట్టుకుందామన్నా నోరు రాలేదు. రోజూ బిందె మోసుకుంటూ పక్క ఊరి దాకా నడిచే హొన్నమ్మ, నవ్వుకుంటూ మొదటి బిందె పడుతోంది.

పెళ్లికి పిలుచుకుపోదామని చిన్నరంగప్ప వ్యాను తీసుకొచ్చాడు. ఫిడేలును ఒకసారి, పూలమాలను ఒకసారి చూశాడు.

"ఎత్తు తగ్గింది గదప్పా," అని, సంచిలోంచి తాళాలు తీసి ఆయన చేతిలో పెట్టాడు.

ఆ సాయంత్రం వల్లూరు పందిట్లో బైలప్ప ఏ నొప్పీ లేకుండా నిలబడి వాయించాడు. తాళాలకు ఎత్తు చూసుకునే పని లేదు.