తీగకు అటు అన్నయ్య, ఇటు నేను

అయ్యా, అమ్మా! మనుషుల మధ్య శాంతిని కాపాడేది ప్రేమా కాదు, పెద్దమనుషులూ కాదు. కరెంటు కంచె! నవ్వకండి, అనుభవం మీద చెబుతున్నాను.

నాదీ మా అన్నయ్యదీ పక్కపక్క పొలాలు. నిరుడు నా ఆవులు ఆయన శనగ చేలో పడి సగం మేసేశాయి.

"ఆవుల్ని కాసుకోవడం కూడా చేతకాదురా నీకు" అన్నాడాయన.

"నీకు తమ్ముడికంటే శనగలే ఎక్కువయ్యాయి" అన్నాను నేను. అంతే, మాటలు బంద్.

ఈ ఏడు మొక్కజొన్న కోశాక, చేలో మిగిలిన చొప్ప మేపడానికి కంచె కొన్నాను. ఎంత తేలికనుకున్నారు! ప్లాస్టిక్ గుంజలు కాలితో తొక్కితే నేలలో దిగుతాయి. సన్నని తీగ లాగి బ్యాటరీతో నడిచే షాక్ పెట్టెకు తగిలిస్తే సరి. మేత అయిపోగానే పీకి పక్కకు జరుపుకోవచ్చు. మా ఎర్రావు తీగకు ముక్కు ఆనించి, ఎగిరి గంతేసి, బుద్ధిగా వెనక్కి తిరిగింది. పనిచేస్తోందో లేదోనని నేనూ ముట్టుకున్నాను. మా ఆవిడ చూస్తోందని నవ్వుతూ నిలబడ్డాను గానీ, సాయంత్రం దాకా ఆ చెయ్యి నాది కాదు!

ఇక చూడండి సుఖం! కాపలా అక్కర్లేదు. క్షమాపణ అక్కర్లేదు. అన్నయ్యకు జ్వరమని తెలిసినా వెళ్లి పలకరించే ఇబ్బంది లేదు. మధ్యలో కరెంటు పెట్టుకుని ఎలా వెళతాను? ఇంత మర్యాదైన సాకు ఏ షాపులో దొరుకుతుంది చెప్పండి?

మొన్న పొద్దున్నే చూద్దును కదా, ఎర్రావు దర్జాగా శనగ చేలో ఉంది! అన్నయ్య దాన్ని తోలుకుంటూ తీగ దాకా వచ్చి ఆగాడు. నేనూ పరుగున వెళ్లి ఇటు ఆగాను.

"కరెంటు ఆపవే!" అని ఇంటివైపు తిరిగి అరిచాను.

"ఉంటేగా ఆపడానికి!" జవాబు శనగ చేలోంచి వచ్చింది. మా ఆవిడ అక్కడ వదిన పక్కన నిలబడి ఉంది! "పిల్లలు ముట్టుకుంటారని అక్కా నేనూ ఎప్పుడో బ్యాటరీ వైరు పీకేశాం. జ్వరంలో బావగారికి పాలు ఎలా తెచ్చిచ్చాననుకున్నారు?"

ఆవు తీగ కింద తల దూర్చి ఇటు వచ్చేసింది. వదినా మా ఆవిడా మాట్లాడుకుంటూ దాని వెనకే వచ్చేశారు.

మిగిలింది మేమిద్దరం. తీగ నడుమెత్తు కూడా లేదు. అన్నయ్య కాలు కొంచెం కదిలినట్టే అనిపించింది. నాదీ కదిలిందనే అనుకుంటాను. ఆయన వంగి, తొక్కిన మొక్కలు సరిచేసుకోసాగాడు. నేను మబ్బు పట్టిందేమోనని ఆకాశం చూశాను.

ఆ రోజే వైరు మళ్లీ తగిలించాను. ఆవుల కోసం కాదండీ! కరెంటు లేదని తెలిశాక కూడా దాటకపోతే, ఆ నింద తీగ మీద వేయలేం కదా!