బీరువాలోంచి పాట

ఆ ఉదయం గాయని వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. కాఫీ తాగి, బీరువాలో కూర్చుని కొత్త పాట ఒక్కసారి పాడి చూసుకోవాలి. భర్త స్కూటరు వెనకెక్కి పదకొండింటికల్లా హాలుకు చేరాలి. అక్కడ మేనేజరు ఒక్క పాట వింటాడు. నచ్చితే సాయంత్రం కచేరీలో తొలి పాట ఆమెదే. నచ్చకపోతే సోమవారం నుంచి అన్నగారి ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం. ఆ మాట ఆమె పదిమంది ముందు తన నోటితోనే అన్నది.

బీరువా అంటే నవ్వక్కరలేదు. తన పాట తనే రాసి, తనే బాణీ కట్టి, తనే పాడుకునే మనిషికి స్టూడియో అద్దె ఎవరిస్తారు? కోట్లు, దుప్పట్లు వేలాడే పెద్ద చెక్క బీరువాలో గొంతు ప్రతిధ్వనించదు, మైకుకు శుభ్రంగా అందుతుంది. ఫోను దగ్గరుంటే గరగర వస్తుందని దాన్ని బయటే వదిలేది. ఇంకో నియమం కూడా ఉంది. ఒకసారి ఆమె పైస్థాయిలో రాగం తీస్తుంటే ఏడుస్తోందనుకుని భర్త తలుపు తెరిచి, ఎప్పుడో గానీ కుదరని పాటను కాస్తా పాడు చేశాడు.

"లోపల నేను అరిచినా, ఏడ్చినా, తల బాదుకున్నా తలుపు తియ్యొద్దు. తీశారో, మీకూ నాకూ మాటల్లేవ్" అని ఆనాడే తేల్చి చెప్పింది.

ఆమె లోపలికి వెళ్ళాక బీరువా తలుపు ఓరగా ఉండిపోవడం భర్త చూశాడు. వీధిలో రోడ్డు తవ్వుతున్న మోత, రికార్డింగులో పడుతుందేమో. పాపం, మంచివాడు. తలుపు నొక్కి, తాళం వేసి, తన తల్లి తెరుస్తుందేమోనని తాళంచెవి జేబులో పడేసుకున్నాడు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

పాట చక్కగా ముగిసింది. గాయని తలుపు తోసింది. రాలేదు. భుజంతో తోసింది. అయినా రాలేదు.

"ఏమండీ! తలుపు!"

మాటల్ని దుప్పట్లు మింగేశాయి. బయటికి గొంతు హెచ్చుతగ్గులు మాత్రమే వచ్చాయి. ఆమె పిడికిలితో బాదింది.

"ఇవాళ డోలు కూడా పెట్టిందిరా" అంది బయట అత్తగారు.

"మెల్లిగా అమ్మా, రికార్డింగు."

"పదిన్నర దాటింది, పిలవరాదూ?"

"అమ్మో, నేను పిలవను. తల బాదుకున్నా తియ్యొద్దంది."

"ఇప్పుడు బాదుకుంటోందా?"

"ఆ చప్పుడు చూస్తే అలాగే ఉంది."

పెళ్ళయ్యాక అతను భార్య మాట తుచ తప్పకుండా పాటించడం అదే మొదటిసారి.

లోపల గాలికి లోటు లేదు, వెనక చెక్క బీట వారి ఉంది. లోటు సమయానికే. అన్నగారి ఆఫీసు, అందులో తన కుర్చీ కళ్ళ ముందు కదిలాయి. భయమేసింది. ఏడుపొచ్చింది. ఏడుపు వెనకాలే కోపం వచ్చింది. అరుపు కంటే పాట దూరం వెళ్తుందని ఆమెకు తెలుసు. అందుకని భర్తను, భర్త చెవులను, ఆ బీరువా చేసిన వడ్రంగిని వరుసగా తిడుతూ, తలుపు మీద దరువేస్తూ, గొంతెత్తి పాడింది.

అత్తగారు కుర్చీ దగ్గరికి లాక్కుంది. "ఇన్నాళ్ళకి దీని పాటలో ఉప్పూ కారం పడ్డాయిరా!"

అప్పుడు ఫోను మోగింది. మేనేజరు.

"ఏమ్మా, పదకొండు దాటింది. వస్తున్నారా, ఇంకొకళ్ళని పిలవమంటారా?"

"నేను ఆవిడ భర్తనండీ. పాడుతోందండీ. మధ్యలో ఆపకూడదండీ."

"ఇక్కడ పాడాల్సిన మనిషి అక్కడ పాడుతోందా? భేష్! ఇక ఉంటాను."

భర్త జేబులో తాళంచెవి తడిమాడు. తలుపు తీస్తే భార్యకు తనతో మాటలుండవు. తియ్యకపోతే ఆమెకు పాటే ఉండదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. గబగబా ఫోను తీసుకెళ్ళి బీరువాకు ఆనించాడు.

"పెట్టేయకండి సార్! ఒక్క నిమిషం వినండి!"

బీరువాలో ఒక చరణం పూర్తయింది.

"తలుపు తియ్యండి" అన్నాడు మేనేజరు చివరికి. "మాటలు తెలియడం లేదు."

పెద్దమనిషి చెప్పాడు కదా అని భర్త తాళం తీశాడు. నెత్తిన కోటుతో, ఒళ్ళంతా చెమటతో గాయని బయటపడింది. పాట మాత్రం ఆగలేదు.

"చెవులున్న మొగుడా, వినలేని మొగుడా,
తలుపేసి కాపలా కాసేటి మొగుడా!"

అతని చేతిలో తాళంచెవి కనబడగానే బాణీ వదిలేసి వట్టి తిట్లలోకి దిగింది.

"ఆపకండి!" అని ఫోను అరిచింది. "రెండో చరణం ఇంకా బాగుంది!"

ఆమె ఫోను చూసింది, గడియారం చూసింది, నేల మీద కూలబడింది. "సార్, అది నా పాట కాదండీ. నా పాట వెన్నెల మీద. ఏడాది కూర్చుని రాశాను. ఇప్పుడే వచ్చి పాడతాను..."

"వెన్నెల మీద పొద్దుట్నుంచీ నలుగురు పాడారమ్మా. సాయంత్రం ఇదే పాడండి. ఆ డోలు వాయించే మనిషిని కూడా వెంటబెట్టుకు రండి."

గాయని ఎర్రగా కందిన తన పిడికిలి వంక చూసుకుంది. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేసింది.

ఆ సాయంత్రం హాల్లో ఆడవాళ్ళంతా లేచి నిలబడి ఆ పాట మళ్ళీ పాడించుకున్నారు. ముందు వరుసలో అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టినవాడు భర్తే. సోమవారం అన్నగారి ఆఫీసులో ఆమె కుర్చీ ఖాళీగానే ఉండిపోయింది.

ఇప్పుడు ఆమె పాటలకు మంచి గిరాకీ. కొత్త పాట పుట్టాలంటే భర్త ఏదో ఒక తప్పు చేయాలి, అందుకోసం ఆమె ఏనాడూ ఎదురుచూడవలసిన అవసరం రాలేదు.