పీలమేడు సీసాక్ష్యం

"కృష్ణరాజూ, ఈ పీలమేడులో దొంగలు హాయిగా నిద్రపోతుండారంటే ఏమి అర్థం? రత్నసభాపతి మేలుకొని ఉండాడని వాళ్లకు ఇంకా తెలీలేదని అర్థం!"

ఈ మాట అన్నది మా మిల్లులో నూలు తూచే గుమాస్తా రత్నసభాపతి. విన్నది, పక్క బల్ల దగ్గర కూర్చున్న పాపానికి అతని సహాయకుణ్ణయిపోయిన నేను. క్యాంటీన్‌లో వడలు మాయమైన కేసును ఇదివరకు అతనే పరిశోధించాడు. నూనె మరక చివరికి తన చొక్కా మీదే దొరికితే, "నేరస్థుడు నా చొక్కా వేసుకున్నాడు" అని తేల్చాడు.

అలాంటి మేధావిని వెతుక్కుంటూ పత్తి వ్యాపారి గోపాలసామి వచ్చాడు.

"రత్నం, మా పాప సౌందరాన్ని ఇచ్చే పిల్లోడు ఉండాడు కద, మీ మిల్లు ఫిట్టరు అయ్యసామి? సాయంత్రమయితే తూలుకుంటా పోతుండాడంట. చొక్కా చినుగు, ఒళ్లంతా ఏమో ఘాటు వాసన. నిజమయితే పెండ్లి నిలిపేస్తా."

అవి మద్రాసు రాష్ట్రమంతా మద్యనిషేధం ఉన్న రోజులు. డాక్టరు చీటీతో పర్మిట్ తెచ్చుకున్న రోగికి తప్ప ఎవరికీ చుక్క పుట్టదు. తాగి దొరికితే జైలే. జైలుకు పోయినవాణ్ణి మా మిల్లు మళ్లీ గేటు దాటనివ్వదు. అంటే పాపం అయ్యసామికి పిల్లా పోతుంది, పనీ పోతుంది.

"మామా, ఇది ఒక్కడి పని కాదు" అన్నాడు రత్నసభాపతి గొంతు తగ్గించి. "దీని వెనక పెద్ద సారా ముఠా ఉండాది!"

ఆ సాయంత్రం అయ్యసామిని వెంబడించాం. అతను మందుల షాపులో దూరి, కాగితం చుట్టిన చిన్న సీసా జేబులో వేసుకొని బయటికొచ్చాడు.

"చూసినావా! ఇది సాక్ష్యం కాదురా, సీసాక్ష్యం!" అని రత్నసభాపతి నా భుజం మీద చరిచాడు. భుజం రెండు రోజులు నొప్పి పెట్టింది.

అయ్యసామి రోజూ సాయంత్రం అటే పోతాడని కనుక్కొని, మర్నాడు మిల్లు వెనక మైదానంలో వల పన్నాడు. గోపాలసామినీ నన్నూ గోడ చాటున నిలబెట్టాడు. తను మాత్రం పెద్ద గోనెసంచిలో దూరి, చుట్టూ వేస్టు పత్తి కూరించుకొని, మైదానంలో రోడ్డు వారగా కూర్చున్నాడు. పత్తి మూట వేషమట.

"మూటకు తుమ్ము రాకూడదు కదన్నా?" అన్నాను.

"మూట ఊపిరే పీల్చదు. నువ్వు పో!" అంది మూట.

కాసేపటికి అయ్యసామి వచ్చాడు. నడిచి కాదు, అద్దె సైకిలు మీద. సైకిలు ఒకవైపు పోతుంటే అతను ఇంకోవైపు ఒరుగుతున్నాడు.

"అయ్యో కడవుళే! బ్రేకు ఎక్కడ?" అని అరుస్తూ, ఎదురుగా మెత్తటి మూట కనిపించేసరికి దేవుడే పంపాడనుకొని నేరుగా దాని మీదికి తిప్పాడు.

మూట కెవ్వుమంది. అయ్యసామి జేబులోని సీసా పగిలి అందులో ఉన్నదంతా మూట మీద ఒలికింది. మూట లేచి, నాలుగడుగులు తూలి, రోడ్డు మీద పోతున్న పోలీసు కానిస్టేబుల్‌ను కౌగిలించుకొంది.

కానిస్టేబుల్ వాసన చూశాడు. "ఏయ్ మూట్టై! ఎవ్వళవు కుడిచ్చే?" ఎంత తాగావని మూటను తమిళంలో గద్దించాడు.

"నేను డిటెక్టివ్‌ని!"

"అప్పిడియా? నాన్ కలెక్టర్!" అట్లయితే తను కలెక్టరునని వెక్కిరించి కానిస్టేబుల్ సంచి మెడ పట్టుకొని స్టేషన్‌కు లాగసాగాడు.

కానిస్టేబుల్ అయ్యసామి వైపు చూడనే లేదు; గోడ చాటున మేమున్నామని అయ్యసామికి తెలీదు. సైకిలు తీసుకొని జారుకొని ఉంటే అతన్ని అడిగేవాడు లేడు. కాని అతను కుంటుకుంటూ పోయి వాళ్లకు అడ్డం నిలబడ్డాడు.

"ఆయన తాగలేదు సార్. అది టింక్చరు. నాదే." ప్యాంటు పైకి లాగాడు. మోకాళ్లు రెండూ వంకాయల్లా ఉన్నాయి. "సైకిల్ నేర్చుకుంటా ఉండా. పడినప్పుడంతా పూసుకొనేది."

కానిస్టేబుల్ సీసా ముక్క ముక్కు దగ్గర పెట్టుకొని, గట్టిగా తుమ్మి, మూటను వదిలేసి వెళ్లిపోయాడు.

గోపాలసామి గోడ చాటు నుంచి వచ్చాడు. "ఇంతేనా? దీన్ని ఏంటికి దాచినావు?"

అయ్యసామి తల వంచుకొన్నాడు. "మీ పాప దినమూ సైకిల్ తొక్కుకొని బడికి పోయి పాఠం చెప్తుంది మామా. నాకేమో రాదు. పెండ్లయినంక ఆమె తొక్కితే నేను వెనక క్యారియర్ మీద కూచోనా?"

"కూచో, మాప్పిళ్ళె! ఏమి పోయె!" అని గోపాలసామి కళ్లనీళ్లు వచ్చేలా నవ్వి, కాబోయే అల్లుడి చొక్కా దుమ్ము తనే దులిపాడు.

మరుసటి సాయంత్రం సౌందరమే ఆ మైదానానికి వచ్చింది. సైకిలు ఆపి, ఒక కాలు నేల మీద ఆనించి, అయ్యసామిని తేరిపార చూసింది.

"మూటలు వెతుక్కొని పడేది చాలు. నేను పట్టుకొంటా, ఎక్కండి."

అతను ఎక్కాడు. ఆమె సీటు పట్టుకొని పరుగెత్తింది.

గోడ మీద నా పక్కన కూర్చున్న రత్నసభాపతి ముక్కుకు కట్టు ఉంది. ఆ కట్టులోంచే అన్నాడు: "కృష్ణరాజూ, వేగంగా వచ్చే వాహనాన్ని ముక్కుతో ఆపి నిజం బయటికి లాగిన పరిశోధకుడు లోకంలో ఇంకొకడు ఉండాడా?"

ఎంత ఆలోచించినా నాకు ఇంకొకడు తట్టలేదు. లేడనే చెప్పాను.